తొడలో దిగని తూటా

మా ఆయన ఇమ్మానుయేలు తొడ మీద గుండ్రటి మచ్చ ఒకటుంది. ఊరందరికీ అది తూటా దెబ్బ. నాకు తెలిసి అది మిలిటరీ వంటశాలలో పొయ్యి ఎగదోస్తుంటే కాలిన ఇనప చువ్వ గుచ్చుకున్న దెబ్బ. సర్వీసంతా పప్పూ రొట్టెలూ వండిన మనిషి, రిటైరై వస్తూ వస్తూ కంటోన్మెంటు బజార్లో యూనిఫారాలు కుట్టే కొట్లో ఓ శౌర్య పతకం కొనుక్కొచ్చాడు. అది చొక్కాకి తగిలించుకుని చర్చిలో సాక్ష్యం చెప్పాడు. సరిహద్దులో తూటా తగిలిందట, దేవుడే బతికించాడట! ఇక ప్రతి పండక్కీ పాస్టరుగారు పిలవడం, ఈయన లేచి అదే చెప్పడం. దేవుడి ముందు నిలబడి అంత అబద్ధమా? వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

"ఏమయ్యా, ఈ ఆదివారం లేచి నిజం చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను మొన్న శనివారం. కల్లంలో ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తున్నాం.

"చెప్తాలేవే. నాకు మాత్రం హాయిగా ఉందా ఏంటి? రేపు చెప్పేస్తా," అన్నాడు. ఆ మాట అనేసరికి ఆయన మొహం తేటపడింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

అప్పుడొచ్చింది పున్నమ్మత్త. పోయిన నెల్లోనే ఆవిడ కొడుకు ప్రసన్నకుమార్ సరిహద్దు కాల్పుల్లో పోయాడు. వచ్చి మేం మిరపకాయలు పోసుకున్న పట్టా మీద కూలబడింది.

"ఒరే ఇమ్మానుయేలూ, తూటా దెబ్బ తిన్నోడివి నువ్వొక్కడివే గదరా ఊళ్లో. ఇంకెవర్ని అడగను? అది తగిలితే నొప్పి తెలుస్తుందా? మావాడు అమ్మా అని అరిచుంటాడా?"

ఆయన చేతిలో మిరపకాయ కింద పెట్టాడు. నా వైపు చూశాడు. దేవుడా, నేనేం చెప్పను!

"నొప్పేం తెలీదత్తా," అన్నాడు చివరికి. "ఎవరో తోసినట్టుంటుంది. అంతే."

ఆవిడ నమ్మీ నమ్మనట్టు నా వైపు తిరిగింది. "నిజమేనటే రెబెకా? నీ దగ్గరైతే దాచడు గదా. నా కోడలు ఆ దిగులుతోనే ముద్ద ముట్టడం లేదే. కడుపుతో ఉన్న పిల్ల."

నిజం, నిజం అని ఆయన్ని పీక్కుతిన్నదాన్ని నేనే. ఆవిడ మొహం చూశాక ఆ నిజం నా గొంతు దాటలేదు.

"నిజమే అత్తా. నొప్పే తెలీలేదంట," అన్నాను.

"రేపు దాన్ని చర్చికి తీసుకొస్తా. దాని ముందు కూడా ఈ మాట చెప్పరా నాయనా," అంటూ కళ్లు తుడుచుకుని లేచింది. ఆవిడ వెళ్లాక మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆదివారం ఆ పిల్ల ముందు వరసలోనే కూర్చుంది. తూటా తగిలినట్టే తనకి తెలీలేదని మా ఆయన ఆ పిల్లకేసి చూస్తూ చెప్పాడు. ఇంకీ జన్మలో ఆయన నిజం చెప్పలేడు, నేను చెప్పించలేను. అందరికంటే ముందు ఆమేన్ అన్నది నేనే.

మధ్యాహ్నం పున్నమ్మత్త కబురంపింది. కోడలు అన్నం తిన్నదట. వచ్చే ఆదివారం కూడా చెప్పమంటోందట.