నిమిషానికి నలభై నాలుగు

నలభై నాలుగంటే తక్కువా, మరీ తక్కువా, చచ్చిపోయే ముందు మనిషికి ఎంత ఉంటుంది, ముప్పై ఉంటుందా, ఇరవై ఉంటుందా, ఈ మాట ఎవరినడగాలి, అనుకుంటూ నాగరాణి దవాఖాన బల్లమీద ఎడమ పక్కకు తిరిగి, ఎడమ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుంది, డాక్టర్ గ్లోరీ మేడం ఆమె ఎద మీద చల్లటి జిగురు పూసి, చేతిలో ఇమిడే స్కాను పిడి ఒకదాన్ని పక్కటెముకల సందున అదిమింది, జర ఊపిరి బిగవట్టు బిడ్డా అంది, నాగరాణి బిగబట్టింది, ఇరవై రెండు రోజులుగా బిగబట్టుకునే ఉంది కదా ఇప్పుడు కొత్తగా బిగబట్టేదేముంది అనిపించింది, ఇరవై రెండు రోజుల కింద ఇదే పాలమూరులో, పరుగుపందేల పిల్లల శిబిరంలో, అందరికీ పరీక్షలు చేస్తుంటే ఒక కుర్ర డాక్టరు ఆమె మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు, మళ్ళీ చూశాడు, ఈసీజీ రెండుసార్లు తీయించాడు, నాడి నిమిషానికి నలభై నాలుగే కొడ్తాంది, గీతలు గూడ పెద్దగ వడ్డయి, గుండె పెరిగినట్టున్నది, ఎకో స్కాను తీయించేదాక ఈమెను ఉరికియ్యకున్రి సార్ అని కోచ్ విజేందర్ సార్‌తో చెప్పాడు, సార్ ఆ మాట ఫోనులో నాయినకు చెప్పాడు, నాయిన ఆ పూటే గొర్ల మందను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి మక్తల్‌లో బస్సెక్కి వచ్చి ఆమెను ఇంటికి తీసుకుపోయాడు, దేవరకద్రలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ, మీ చిన్నాయినది గూడ గిదే బిడ్డా, అన్నాడు.

చిన్నాయిన నరహరి షాద్‌నగర్‌లో ఒక కంపెనీ గేటు దగ్గర కాపలాకు పన్నెండేళ్ళు కుర్చీలో కూర్చున్నాడు, ముప్పై ఆరేళ్ళ వయసులో ఒకనాటి పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడు, గుండె ఆగింది అన్నారు, ఎందుకాగిందో ఎవరూ చెప్పలేదు, చెప్పకపోయేసరికి ఇంట్లో తలా ఒక కారణం చెప్పుకున్నారు, గుర్వమ్మ అవ్వ అయితే మన ఇంటోళ్ళ గుండెలే మంచియి కావు అని తేల్చేసింది, అందుకే ఈ ఇరవై రెండు రోజులూ నాగరాణిని బిందె ముట్టనియ్యలేదు, గొర్రెపిల్ల వెంట నాలుగడుగులు వేస్తే కూడా అమ్మ పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకుంది, పండు బిడ్డా, పండు, లేవకు, అని ఇంటిల్లిపాదీ ఒకే పాట, ఆమె మధ్యాహ్నమంతా వేపచెట్టు కింద మంచంలో పడుకుని మెడ పక్కన రెండు వేళ్ళు ఆనించి లెక్కపెట్టుకునేది, ఏ దెబ్బ తర్వాత రెండో దెబ్బ రాదోనని చెవులు రిక్కించి వినేది, నలభై నాలుగు, రెండో వారానికి నలభై ఏడు, నిన్న యాభై ఒకటి, పెరుగుతాంది అవ్వా, మంచిగైతాంది, అంటే అవ్వ మైసమ్మకు మొక్కుకుంది, కానీ కాళ్ళకు ఈ మాట ఎవరు చెప్పాలి, తెల్లవారకముందే లేచి కాలువ కట్ట మీద పది కిలోమీటర్లు ఉరికి వచ్చే కాళ్ళు, మంచం పట్టెను ఊరికే తన్నుతుంటే వాటిని చూసుకుని ఏడ్చింది, ఇప్పుడు ఈ బల్లమీద కూడా కుడికాలు దానంతటది ఆడుతోంది, సాయంత్రం నాలుగింటికి స్టేడియంలో రాష్ట్ర పోటీలకు ఎంపిక పరుగు ఉంది, మూడు వేల మీటర్లు, ఏడున్నర రౌండ్లు, టైమెంతయిందో, తెర అడ్డం ఉంది, తెర కింద నుంచి నాయిన పాదాలు కనిపిస్తున్నాయి, పగుళ్ళు బారిన మడమలు, కిర్రు చెప్పులు, కదలకుండా మెదలకుండా, పెద్ద మనుషుల ముందు నిలబడ్డట్టు.

అంతలో గదంతా చప్పుడు నిండింది, చుయ్, చుయ్, చుయ్, తూము ఎత్తితే నీళ్ళు దుంకినట్టు, ఆగి దుంకి, ఆగి దుంకి, నాగరాణి ఉలిక్కిపడింది, తెర అవతల నాయిన పాదాలు కూడా ఉలిక్కిపడ్డాయి, ఏమైంది మేడం, ఏమైంది, అన్నాడు, ఏం కాలే అన్నా, మీ బిడ్డ గుండెల రక్తం పారుతున్న చప్పుడిది అని డాక్టరమ్మ నవ్వి, తెరపెట్టెను నాగరాణి వైపు తిప్పింది, నల్లటి దాంట్లో బూడిదరంగు బొమ్మ ఒకటి ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది, నడుమ సన్నటి రెండు రెక్కలు గొర్రెపిల్ల చెవులు ఆడించినట్టు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, ఇదేనా, ఇన్నాళ్ళూ నాలోపల ఉన్నది ఇదేనా, ఎంత నిమ్మళంగా ఉంది, తొందరే లేదు దీనికి, అనుకుందామె, భయం ఎక్కడో వెనక్కి పోయింది, బొమ్మను కళ్ళార్పకుండా చూస్తోంది, దినాం ఎంత ఉరుకుతవ్ అని డాక్టరమ్మ అడిగింది, పది కిలోమీటర్లు మేడం, ఐతారం పన్నెండు, ఎన్నేండ్ల సంది, ఆరో తరగతి సంది మేడం, ఆరో తరగతి అనగానే కట్ట మీద తప్పిపోయిన పొట్టేలు, దాని వెనక తను, ఎదురుగా బండి ఆపి నోరు తెరిచి చూస్తున్న విజేందర్ సార్, అన్నీ కళ్ళముందు కదిలాయి, ఉరుకుతుంటే కండ్లు తిరుగుడు, ఎదల నొప్పి, పడిపోవుడు గిట్ల ఏమన్న ఉన్నదా అని డాక్టరమ్మ మళ్ళీ అడిగింది, లేదు మేడం, ఒక్కనాడు లేదు, పొట్టేలు దొరికింది కూడా, అనబోయి ఊరుకుంది.

డాక్టరమ్మ అక్కడితో ఆగలేదు, ఆమెకు కూడా ఏదో ఉత్సాహం వచ్చినట్టుంది, చీర కొంగు దోపుకుని, ఇంకొకటి చూస్త ఉండు, నీ అసోంటి పిల్లలు నాకు మళ్ళ మళ్ళ దొరకరు, అని జిగురు తుడిచి, బట్టలు సర్దుకోమని, నాగరాణి ముంజేతికి బీపీ చూసే పట్టీ చుట్టి గట్టిగా గాలి కొట్టి, పిడిని మోచేతి పైన ఆనించింది, ఐదు నిమిషాలు ఓర్చుకోవాలె, నెత్తురు ఆపుతున్న, అంది, చెయ్యి మొద్దుబారింది, వేళ్ళు పాలిపోయాయి, ఈ ఐదు నిమిషాల్లో ఒకటిన్నర కిలోమీటరు ఉరకొచ్చు అని నాగరాణికి గుర్తొచ్చింది, మూడు రౌండ్లు తిరిగి నాలుగో దాంట్లో మూల మలుపు దగ్గర ఉండేది, డాక్టరమ్మ తెర లాగి నాయినను కూడా లోపలికి పిలిచింది, ఇటు రా అన్నా, చూడు, గిది మీ బిడ్డ చేతిల రక్తనాళం, ఇప్పుడు పట్టీ వదుల్త, అని వదిలింది, ఒక్కసారిగా చేతిలోకి వేడి పాకింది, చీమలు పాకినట్టు, ఆ తర్వాత నిప్పుల దగ్గర పెట్టినట్టు, బొమ్మలో రెండు గీతల నడుమ జాగా పెరిగింది, చూసినవా, నెత్తురు దుంకి రాంగనే నాళం ఎట్ల వెడల్పై దారి ఇచ్చిందో, మెత్తగున్నది గనక ఇచ్చింది, ఆడే పిల్లల నాళాలు గిట్ల ఉంటయి, నాయిన వంగి చూశాడు, ఏం అర్థమైందో, ఆపిన మందను వదిలి దారి ఇచ్చినట్టు ఉన్నది మేడం, అన్నాడు, డాక్టరమ్మ పకపకా నవ్వింది, గంతే అన్నా, గంతే.

అయితే మరి గుండె పెరిగిందన్నరు గద, అన్నాడు నాయిన, నాగరాణి మళ్ళీ ఊపిరి బిగబట్టింది, ఈసారి ఎవరూ చెప్పకుండానే, పెరిగిన మాట నిజమే అన్నా, అంది డాక్టరమ్మ, గని రోగంతోని పెరగలే, పనితోని పెరిగింది, గొర్ల ఎంబడి తిరిగి తిరిగి నీ పిక్కలు ఎట్ల గట్టివడ్డయో, గుండె గూడ కండనే గద, ఒక్కసారి పిండితే మంది గుండె కంటె ఎక్కువ నెత్తురు తోస్తాంది, అందుకే మాటిమాటికి కొట్టుకునే అక్కర లేదు దానికి, నిమ్మళంగ కొడ్తాంది, రోగమొచ్చి పెరిగిన గుండె బిర్రగైతది, సాగదు, ఈమెది సక్కగ సాగుతాంది, సక్కగ ముడుచుకుంటాంది, నలభై నాలుగు ఈమెకు తక్కువ కాదు, నాగరాణి లేచి కూర్చుంది, మరి నిన్న యాభై ఒకటి కొట్టింది మేడం, మంచిగైతాంది అనుకున్న, అంది, ఎట్ల మంచిగైతది, ఇరవై రెండు దినాలు పండవెట్టిన్రు గద, గట్టిదనం తగ్గవట్టింది, అంతే, డాక్టరమ్మ ఈ మాట అనగానే నాగరాణికి నవ్వు తన్నుకొచ్చింది, అవ్వ మొక్కిన మొక్కు, తను సంతోషపడ్డ సంతోషం, అంతా తలకిందులు, పండి పండి పాడుచేసుకుంటూ బాగుపడుతున్నానని లెక్కపెట్టుకుంది, నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాయిన మాత్రం నవ్వలేదు, మరి మా తమ్ముడు మేడం, అన్నాడు, డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది, నేను చూడని గుండె గురించి చెప్పలేను అన్నా, బీపీ ఉండెనా, ఎన్నడు చూపించుకోలే మేడం, బీడీ తాగెనా, దినాం రెండు కట్టలు, కూసుండే పని, అవ్ మేడం, గట్ల బతికితే నాళాలు వయసు కంటె ముందే గట్టివడ్తయి, గదే అయ్యుండొచ్చు, పుట్టుకతోని వచ్చిన లోపం గూడ అయ్యుండొచ్చు, ఆటలనే పడిపోయే పిల్లలకు ఎక్కువ గదే ఉంటది, అందుకే ఆ కుర్ర డాక్టర్ ఈమెను ఆపింది మంచి పని, ఆ లోపం కోసమే ఇంతసేపు ఎతికిన, లేదు, ఏడాదికొకసారి చూపియ్యున్రి, కండ్లు తిరిగితే, నొప్పి వస్తే, ఆ నిమిషమే ఆగాలె, అంతకు మించి ఫికర్ లేదు.

తలుపు తోసుకుని విజేందర్ సార్ వచ్చాడు, చేతిలో ఆమె బూట్లు, మూడు ఇరవై అయింది మేడం, ఉరకొచ్చని సంతకం పెడ్తరా పెట్టరా, అన్నాడు, డాక్టరమ్మ కాగితం మీద గబగబా రాసింది, రాసి, ఇయ్యాల గెలుస్తనని పోకు బిడ్డా, ఇరవై రెండు దినాలు పండింది ఊరికే పోదు, అంది, నాగరాణి అప్పటికే బూట్లు అందుకుంది, అందుకుని ఆగింది, నాయిన ఇంకా ఒప్పుకోలేదు కదా, నాయిన ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు, జబ్బు చేసిన గొర్రెను చూసినట్టు అరచెయ్యి ఆమె వీపు మీద, ఎడమ పక్కన ఆనించాడు, కళ్ళు మూసుకున్నాడు, తన గుండె ఆయన చేతికి ఏం చెబుతుందో అని ఆమె కదలకుండా నిలబడింది, ఆయన కళ్ళు తెరిచి, స్టేడియం ఏ దిక్కున్నది సార్, ఆటోకు పోదామా, అన్నాడు.

ఆటో, క్లాక్ టవర్ దగ్గర ఇరుక్కుని, హారన్లు, సార్ తల బయటికి పెట్టి అరుస్తూ, బూట్ల తాళ్ళు ఆటోలోనే కట్టుకుంటూ, చెస్ట్ నంబరు సార్ పిన్నీసులతో గుచ్చుతుంటే భుజానికి గుచ్చుకుని, అబ్బా సార్, అంటూ నవ్వుతూ, అప్పుడే గీత దగ్గర నిలబడి ఉంది, పక్కన పధ్నాలుగు మంది, ఈల, ఎర్రటి మట్టి లేచింది, మొదటి రౌండు గాలి మీద తేలినట్టే పోయింది, రెండోదీ అంతే, మూడోదాంట్లో తొడలు బరువెక్కాయి, ఇదీ ఇరవై రెండు రోజుల సంగతి, డాక్టరమ్మ చెప్పింది నిజమే, నాలుగు, ముందు ఐదుగురు, పొట్టి జడ పిల్ల, ఎర్ర బూట్ల పిల్ల, వాళ్ళ వీపుల మీద చెమట గీతలు, ఐదు, కంచె అవతల ఎవరో అరుస్తున్నారు, హేయ్, హేయ్, ఉరుకు బిడ్డా, ఉరుకు, అది నాయిన గొంతు, అడవిలో మందను మలిపే గొంతు, ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తన పరుగు చూడటానికి రాని నాయిన, ఆరు, కంచె పట్టుకుని ఊగిపోతున్నాడు, జనం ఆయన్నే చూస్తున్నారు, ఏడు, పొట్టి జడ వెనకబడింది, ముందు ముగ్గురే ఉన్నారు, ఎర్ర బూట్లు రెండు గజాల దూరం, గజం, చెయ్యి చాపితే అందేంత, గీత వచ్చేసింది, ఎర్ర బూట్లే ముందు దాటాయి, నాలుగో స్థానం, తీసుకునేది ముగ్గుర్నే.

ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది, మట్టి మీద చెమట టపటపా రాలుతోంది, సార్ వచ్చి, పోనీ తియ్, మళ్ళచ్చే యేడు ఉన్నది, అన్నాడు, నాయిన కంచె ఎట్లా దాటాడో దాటి వచ్చి, ఎట్లున్నదే, ఎదల ఎట్లున్నది, నొప్పి ఉన్నదా, అని అడిగాడు, నాగరాణి లోపల వెతుక్కుంది, మొదటి రౌండులో, మూడో రౌండులో, ఎర్ర బూట్ల వెనక పడ్డ ఆఖరి వంద మీటర్లలో, ఎక్కడా లేదు, రెండు వేళ్ళు మెడకు ఆనించుకుని ఇరవై రెండు రోజులు ఒక్కొక్క దెబ్బా విన్న మనిషి, దాని ఊసే ఎత్తకుండా ఏడున్నర రౌండ్లు తిరిగి వచ్చింది, ఉరికినంతసేపు నాకు గుండె ఉన్నదనే యాదికి రాలే నాయినా, అంది.