మామయ్య వినని చప్పుడు

నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా మామయ్య లింగమూర్తి గురించి మదీనాగూడలో ఎవరిని అడిగినా ఒకే మాట చెప్పేవాళ్లు. బండి సందు మలుపు తిరగకముందే దాని జబ్బేమిటో ఆయన చెప్పేస్తారని. ముంబై హైవే పక్కన ముప్ఫై ఏళ్లు షెడ్డు నడిపిన మెకానిక్ ఆయన. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఉస్తాద్ ముందు బండి స్టార్ట్ చేసి నిలబడితే చాలు, నోరు విప్పి చెప్పుకోనక్కర్లేదు అనేవాళ్లు.

ఇప్పుడు ఆయనకు చెవులు సరిగా వినబడవు. ఈ సంగతి ఇంట్లో ఆయన తప్ప అందరూ ఒప్పుకుంటారు. మేం మామూలుగా మాట్లాడితే "నోట్లనే గొణుగుతరేంది?" అని తిరిగి మమ్మల్నే కసురుతారు. ఆయన టీవీ పెట్టారంటే పక్క సందువాళ్లు వేరే టీవీ పెట్టుకోనక్కర్లేదు. చెవుల మిషను మాట అత్తమ్మ కనకలక్ష్మి ఒకే ఒక్కసారి ఎత్తింది. మూడు రోజులు అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు ఆయన. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు ముందు జాగా పోయిందనీ, బండ్లు ఆపే చోటు లేక గిరాకీ పడిపోయిందనీ, అందుకే నిరుడు షెడ్డు మూసేయాల్సి వచ్చిందనీ ఆయన నమ్మకం. మేమూ అదే అనుకునేవాళ్లం.

నా సంగతి చెప్పాలంటే, పేరు సౌజన్య, మాది ప్రొద్దుటూరు. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆ ఉద్యోగం నాకు బాగానే అచ్చొచ్చింది. అక్కడే పనిచేసే సాయిచంద్‌ని చేసుకుని ఈ ఇంటికొచ్చాను. అతను ఎవరికీ ఎదురు చెప్పడు. ఆ లోటు నేను తీరుస్తుంటాను.

ఆఫీసులో కొందరు సెలవు రోజుల్లో జీపులేసుకుని శంకర్‌పల్లి అవతలి గుట్టల్లో రాళ్లూ బురదా ఎక్కిస్తుంటారు. రెండుసార్లు వాళ్లతో వెళ్లాక నాకూ ఆ పిచ్చి పట్టింది. తాండూరు దగ్గర ఒక నాపరాళ్ల గనిలో ఇరవై ఏళ్ల నాటి డీజిల్ జీపు ఎండకు ఎండి వానకు తడుస్తోందని తెలిసి కొనేశాను. నాలుగు చక్రాలూ లాగే రకం. దాన్ని లారీ మీద ఎక్కించుకుని ఇంటికి తెస్తే అత్తమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఇనుప సామానోనికి అమ్మనీకి తెచ్చినవా బిడ్డా?"

మామయ్య మాత్రం జీపు చుట్టూ రెండుసార్లు తిరిగారు. కిందికి వంగి చూశారు. తర్వాత లోపలికి వెళ్లి, ఏడాదిగా మంచం కింద పడున్న పానాల పెట్టె ఈడ్చుకొచ్చారు. ఆ రోజు ఆయన మొహం చూసి, నేను కొన్నది జీపొక్కటే కాదనిపించింది.

ఎనిమిది నెలలు పట్టింది. అడుగు రేకు తుప్పు పట్టి చెయ్యి పెడితే ఊడొచ్చేది. దాన్ని కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేశారు. గనిలో డ్రైవర్లు బలమంతా పెట్టి తిప్పిన స్టీరింగ్ తీసేసి పవర్ స్టీరింగ్ పెట్టారు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ఐదు గేర్ల కొత్త బాక్సు, కొత్త వైరింగ్. ఇంజిన్ మాత్రం మార్చనివ్వలేదు. దాన్ని పూర్తిగా విప్పి, కడిగి, ఆయనే మళ్లీ కూర్చారు. శనివారాలు నేను ఆయన సహాయకురాలిని. ఆయన ఒక్కో బోల్టు బిగించగానే దాని మీద నుంచి పక్క ఇనుము మీదికి నా ఎర్ర గోళ్ల రంగుతో ఒక గీత గీయాలి. బోల్టు కాస్త కదిలినా గీత విరిగినట్టు కనబడుతుంది.

"బొట్టు పెట్టు బిడ్డా," అనేవారు, నేను గీసేవరకు ఆగి.

"నా గోళ్లకు ఏనాడన్న రంగు పడ్డదా? ఈ ఇనుముకు మాత్రం దినాం సింగారం," అని అత్తమ్మ చాయ్ గ్లాసులు పెట్టి పోయేది.

ఒక శనివారం ఉదయం తొలిసారి స్టార్ట్ చేశాం. నల్లటి పొగ ఒక్కసారి కక్కి ఇంజిన్ అందుకుంది. అత్తమ్మ చప్పట్లు కొట్టింది. సాయిచంద్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. అప్పుడు విన్నాను. ఆ రొద కింద, ఇంజిన్ అడుగున, ఎవరో రోట్లో దంచుతున్నట్టు ఒక దెబ్బ. యాక్సిలరేటర్ నొక్కితే దెబ్బలు దగ్గరపడుతున్నాయి. మెకానిక్ పని తెలియని నాకే అది బాగోలేదని తెలుస్తోంది.

మామయ్య బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు.

"చూసినవా? వెన్న లెక్క నడుస్తుంది," అన్నారు.

ఆయన అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నేను సాయిచంద్ వైపు చూశాను. అతను అప్పటికే నావైపు చూస్తున్నాడు. ఆఫీసులో తప్పు కనబడితే ఎవరి మొహమూ చూడకుండా రాసిపారేసే మనిషిని. ఇక్కడ ఆయన నవ్వు మొహమే చూశాను. "అవును మామయ్యా, బాగుంది," అన్నాను. ఆయన మీద ప్రేమతోనే అన్నాననుకున్నాను.

ఆ పై వారం ఆదివారమే ఆఫీసు వాళ్లతో గుట్టలకు వెళ్లాలి. ఇంజిన్ అలా ఉండగా వెళ్లలేను, ఆయనకు చెప్పనూ లేను. చక్రాల అలైన్‌మెంట్ చేయించుకొస్తామని చెప్పి గురువారం సెలవు పెట్టి, జీపును ఖాజాగూడలో వీరేశం గ్యారేజీకి తీసుకెళ్లాం. వీరేశం మామయ్య దగ్గర పన్నెండేళ్లు పని నేర్చుకున్నవాడు. జీపు ఇంకా గేటు బయట ఉండగానే చప్పుడు విని తల అడ్డంగా ఆడించాడు.

ఇంజిన్ కింద ఆయిల్ ఛాంబర్ విప్పి చూస్తే మూడో సిలిండర్‌కు మళ్లీ వేసిన పాత బేరింగ్ అరిగిపోయి ఉంది.

"ఇంక యాభై కిలోమీటర్లు పోతె ఇంజిన్ పట్టేస్తుండె. గుట్ట ఎక్కెటప్పుడు ఆగిపోతె బండి ఎనకకు దొర్లుతది చెల్లె," అన్నాడు.

కొత్త బేరింగ్ వేసి ఛాంబర్ మూశాడు. చేతులు తుడుచుకుంటూ, "ఉస్తాద్‌కు చెప్పకుండ్రి," అన్నాడు. నేనెందుకని అడగకముందే మిగతాదీ చెప్పాడు. షెడ్డు నడిచిన ఆఖరి రెండేళ్లూ ఉస్తాద్ బాగుచేసి పంపిన బండ్లు చాలా వరకు తన దగ్గరికే వచ్చేవట, అవే చప్పుళ్లతో. తనే సరిచేసి, ఉస్తాద్ పేరు పోకూడదని ఎవరికీ చెప్పొద్దని బతిమాలి పంపేవాడట. రాను రాను వాళ్లు నేరుగా ఖాజాగూడకే రావడం మొదలుపెట్టారు. గిరాకీ పోయింది రోడ్డు వెడల్పు వల్ల కాదన్నమాట.

ఇంటికొచ్చి, అలైన్‌మెంట్ అయిపోయిందని మామయ్యకు చెప్పాం.

శనివారం ఉదయం మామయ్య ఒక పాత గుడ్డ తీసుకుని జీపు కిందికి దూరారు, ప్రయాణానికి ముందు ఒకసారి తుడుద్దామని. కాసేపటికి తుడుస్తున్న అలికిడి ఆగిపోయింది. ఆయన బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"ఛాంబర్ ఎవరిప్పిండ్రు?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఛాంబర్ బోల్టులన్నిటికీ గోళ్ల రంగు గీతలు గీసింది నేనే. వీరేశం మళ్లీ బిగించాక ఒక్క గీతా కలవలేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"చెవులు పోయినయ్ గని కండ్లు పోలే బిడ్డా," అన్నారు.

చెవులు పోయాయని ఆయన నోట వినడం అదే మొదటిసారి. నేను ఆయనకు ఎదురుగా నేల మీద కూర్చుని, పెదాలు కనబడేలా గట్టిగా, నిదానంగా చెప్పాను. మొదటి రోజు దెబ్బ వినబడిందని. వినబడ్డా బాగుందన్నానని. మూడో సిలిండర్ బేరింగ్ అని. వీరేశం అని.

"గుట్ట మీదికి పోయేటిదానివి నువ్వు," అన్నారు. "మంచిగున్నదని నేను చెప్తి. గట్లనే పోతివంటె?"

ఆయన తల తిప్పి జీపు కిందికి చూశారు.

"వీరేశం చేతికి పోయింది ఇదొక్కటేనా? ఇంతకుముందు నా బండ్లు పోయినయా?"

పక్కన నిలబడ్డ సాయిచంద్ ఆయన చూడకుండా వద్దన్నట్టు తలూపాడు. లేదు మామయ్యా, ఇదొక్కటే అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. కానీ ఆయన నా పెదాల వంక అంత నమ్మకంగా చూస్తున్నారు. ఇంకో అబద్ధం చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

"పోయినాయి మామయ్యా. చివరి రెండేళ్లూ. చాలా పోయినాయంట."

"గది నోరా, తాటిమట్టనా!" అని అత్తమ్మ నా మీదికి వచ్చింది. మామయ్య చెయ్యెత్తి ఆపారు.

"దాన్నేమనకు. ఇన్నేండ్లల్ల నాకు ఉన్న మాట చెప్పింది గిదొక్కతె." మా అందరి వైపూ చూశారు. "వాడు మంచోడే, వీరేశం. మీరందరు మంచోళ్లే. గని ఒక్కలన్న చెప్తె, నేను ఇంకొకల చెవి అడుక్కుందును గద. పని ఇడిచిపెడుదునా?"

నాకు ఏడుపు ఆగలేదు. వీరేశమూ మేమూ ఆయన మర్యాద కాపాడామనుకున్నాం. ఆయన చేతిలోని పని లాగేసుకున్నాం. మా జాలికి ఆయన షెడ్డే పోయింది.

ఆయన గుడ్డతో మొహం తుడుచుకుని లేచారు. బానెట్ ఎత్తి, "స్టార్ట్ చెయ్," అన్నారు. స్టార్ట్ చేసి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాను.

"ఏం ఇనబడుతుంది? ఉన్నదున్నట్టు చెప్పు. నా మొహం చూడకు."

కళ్లు మూసుకున్నాను. అడుగునున్న దెబ్బ పోయింది. ఇంజిన్ బాగానే ఉంది. బాగుందని చెప్పేయొచ్చు కూడా. కానీ పైన, ముందు వైపున, ఇంకేదో సన్నగా ఉంది.

"పైన టిక్కు టిక్కు అంటాంది మామయ్యా. ముందు దిక్కు."

"ఎట్ల? దబ్బదబ్బనా, ఆగి ఆగా?"

అది మాటల్లో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. ఆయన కుడిచెయ్యి పట్టుకుని అరచేతిని పైకి తిప్పాను. ఇంజిన్ టిక్కుమన్నప్పుడల్లా నా చూపుడువేలితో ఆ చేతిలో కొట్టాను. ఒకటి, ఒకటి, ఒకటి. ఆయన కదలకుండా నిలబడ్డారు. కనురెప్పలు వాల్చారు. ఒకప్పుడు షెడ్డు ముందు ఎలా నిలబడేవారో నేను చూడలేదు గానీ, ఇలాగే అయ్యుంటుంది.

"ట్యాపెట్," అన్నారు. "రెండోది. సందు ఎక్కువైంది. బంద్ చెయ్."

పైమూత విప్పి, వాల్వును నొక్కే రెండో ట్యాపెట్ కింద సందు కొలిచే సన్నటి రేకు దూర్చారు. ఆయన చెప్పినట్టే అది వదులుగా జారిపోయింది. సాయిచంద్ పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు. అత్తమ్మ నన్ను తిట్టడం మర్చిపోయి అక్కడే మెట్టు మీద కూర్చుంది.

"రేపు పోవుడు వద్దు," అన్నారు మామయ్య, స్క్రూ బిగిస్తూనే. "ఇంక ఏమేమి ఇనబడుతున్నయో అన్నీ కావాలె నాకు."

మూత పెట్టాక మళ్లీ స్టార్ట్ చేశాను. నేను పక్కకు వచ్చేసరికి ఆయన చెయ్యి చాపి, అరచెయ్యి తెరిచి నా కోసం చూస్తున్నారు.