లండన్ వాడిన లాప్‌టాప్

ఇంటర్నెట్ తగలగానే లాప్‌టాప్ తన అసలు యజమాని ఎవరో చెప్పేసింది.

తెల్లటి తెర. మధ్యలో లండన్‌లోని ఏదో బీమా కంపెనీ గుర్తు. కింద ఉద్యోగి పేరు, పాస్‌వర్డ్ అడుగుతూ రెండు ఖాళీ గళ్ళు. అవి నింపితే గానీ లోపలికి దారి లేదు. సింబియాత్ దాన్ని ఆపి మళ్ళీ వెలిగించింది. అదే తెర. నిన్న దుకాణంలో పాటలు పాడి, బొమ్మలు చూపించిన యంత్రం ఇప్పుడు ఆమెను దొంగను చూసినట్టు చూస్తోంది.

తప్పెక్కడ జరిగిందో ఆమెకు వెంటనే తెలిసింది. కొనేముందు మీటలన్నీ నొక్కి చూసింది, కెమెరా చూసింది, స్పీకర్ దగ్గర చెవి పెట్టి వింది. నెట్ మాత్రం కలపలేదు. లేగోస్‌లో ఎవరూ కలపరు. ఇంకా తనది కాని యంత్రం కోసం సొంత డేటా ఎవరు తగలేసుకుంటారు? అమ్మేవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు.

శనివారం పెళ్ళి. పెళ్ళికొడుకు వైపు మగవాళ్ళందరి అగ్బాడాలకూ, అంటే వదులైన పొడవాటి పైఅంగీలకు, మెడ చుట్టూ ఎంబ్రాయిడరీ చేస్తానని సింబియాత్ ఒప్పుకుంది. ఎంబ్రాయిడరీ మెషిన్ ఉంది, దారాలున్నాయి, బట్ట ఇంటికొచ్చింది. డిజైన్ గీసి మెషిన్‌కు పంపే కంప్యూటరే లేదు. ఇన్నేళ్ళూ ఆమెతో పని చేయించుకున్న మేడమ్, సొంతంగా కుట్టుకుంటానని ఆమె పని మానేసి వస్తుంటే గుమ్మంలో నిలబడి మరీ అంది: "వెళ్ళు, వెళ్ళు. నా మెషిన్లకు నూనె వెయ్యడానికి నువ్వే తిరిగొస్తావు." ఈ పెళ్ళి పని చెయ్యి జారితే ఆ మాటే నిజమవుతుంది.

సింబియాత్ లాప్‌టాప్‌ను సంచిలో పడేసి కంప్యూటర్ల బజారుకు బస్సెక్కింది.

నిన్న ఆమె కొన్న దుకాణం లేకాన్ అనే కుర్రాడిది. బల్ల మీద వరసగా లాప్‌టాప్‌లు, ప్రతిదాని మీదా 'లండన్ వాడినది' అని కాగితం; అక్కడ వాడి వదిలేసిన సెకండ్‌హ్యాండ్ సరుకని అర్థం.

"నిన్న బాగానే ఉంది కదా ఆంటీ," అన్నాడు లేకాన్ తల ఎత్తకుండా. "దుకాణం ముందు కాలువ దాటావు. దాటాక సరుకు నీది. ఈ సందులో పద్ధతి అంతే."

"నాదైతే దాని నుదుటి మీద ఇంకొకడి పేరెందుకుంది?"

"చిన్న తాళం. పైఅంతస్తులో మావాడున్నాడు, తీసేస్తాడు. వాడికేదైనా ఇచ్చుకో."

"తీశాక మళ్ళీ పడదా?"

"అప్‌డేట్ చేయనంతకాలం పడదు."

"అంటే, అసలు మొగుడు ఊళ్ళోకి రానంతకాలం కాపురం చేసుకోమంటావు."

పక్క దుకాణంలో ఎవరో కిసుక్కున నవ్వారు. లేకాన్ అప్పుడు తలెత్తాడు.

"వేరేది ఇవ్వు," అంది సింబియాత్.

"ఇవ్వను."

"సరే."

ఆమె ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని బల్ల పక్కనే కూర్చుంది. తన లాప్‌టాప్‌ను తెర వీధివైపు తిరిగేలా పెట్టింది. ఫోన్ తీసి హాట్‌స్పాట్ వేసింది.

కాసేపటికి ఒకావిడ వచ్చింది. పేరు ఉజోమా. ఎండుచేపలు అమ్ముతుంది. కాలేజీలో చేరుతున్న కూతురి కోసం లాప్‌టాప్ కావాలి. లేకాన్ మంచి ఊపున్న పాట పెట్టి చూపించాడు. ఉజోమా తలూపుతూ పర్సు తెరిచింది.

"అక్కా, డబ్బు తియ్యకముందు దాన్ని నెట్‌కి కలుపు," అంది సింబియాత్. "డేటా నాది. నీకేం ఖర్చు లేదు."

"ఆంటీ, ఇది నీ ఇల్లు కాదు," అన్నాడు లేకాన్.

"తెలుసు. నా ఇంటి తాళాలు నా దగ్గరుంటాయి."

ఉజోమా ఇద్దరినీ చూసింది. "ఊరికే వచ్చేదాన్ని వద్దనడమెందుకు? కలుపు బాబూ."

కలిపారు. పాట ఆగిపోయింది. తెర తెల్లబడింది. బీమా కంపెనీ గుర్తు వచ్చి కూర్చుంది. ఉజోమా పర్సు మూసేసింది గానీ కదల్లేదు. ఆమె వెనక వచ్చిన పెద్దమనిషి తను చూస్తున్నదాన్నీ కలపమన్నాడు. అదీ అంతే. ఇంకొకటి కలిపారు. అదీ అంతే. అందరూ ఒకే తెర ముందు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. సందులో జనం మూగారు.

అప్పుడు చీఫ్ సోడిపో వచ్చాడు. ఆ సందులో అమ్మకందార్లందరికీ పెద్ద. ఇస్త్రీ నలగని తెల్లబట్టలు, చేతిలో రెండు ఫోన్లు. జనం పక్కకు జరిగి దారిచ్చారు.

"ఎవరు నా సందులో గోల పెట్టింది?"

"నేనే ఓగా," అంది సింబియాత్. ఓగా అంటే అయ్యగారు. సందంతా లేచి నిలబడి అలా పిలిచే మనిషిని ఆమె కూర్చునే పిలిచింది.

చీఫ్ బల్ల మీది యంత్రాలు చూశాడు. "ఇదా? ఇది మంచి సరుకమ్మా. లండన్ నుంచి ఈ కంటైనర్ నేనే తెప్పించాను. నా సరుకు మీద మాట పడనివ్వను."

మాట బయటికొచ్చాక గానీ, తాళం పడిన సరుకు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నట్టు ఆయనకు తట్టలేదు.

"మీరే తెప్పించారా? అయితే తాళంచెవులు కూడా మీ దగ్గరే ఉండాలి," అంది సింబియాత్. "అందరం ఇక్కడే ఉన్నాం. తియ్యండి."

"కుర్చీతో సహా నిన్ను ఎత్తి రోడ్డు మీద పెట్టించగలను."

"పెట్టించండి. అక్కడ సిగ్నల్ ఇంకా బాగుంటుంది."

జనం గొల్లుమన్నారు. లేకాన్ మాత్రం నవ్వలేదు. చీఫ్ దగ్గర కొన్నది వెనక్కి ఇవ్వడం ఈ సందులో ఎవరికీ కుదరదు. దుకాణం నిండా ఆ సరుకే ఉంది. ఈ ఆడమనిషి కుర్చీలోంచి లేవనంతవరకూ ఒక్కటీ అమ్ముడుపోదు. అతను బల్ల కిందికి వంగి, అంచులు అరిగిన నల్లటి లాప్‌టాప్ తీశాడు.

"ఇది నేను వాడుకునేది. తీసుకుని లేచిపో ఆంటీ."

"లేకాన్," అన్నాడు చీఫ్ హెచ్చరికగా.

"ఇది మీ కంటైనర్‌లోది కాదు చీఫ్. నాకు నచ్చినవాళ్ళకిస్తాను."

సింబియాత్ లేవలేదు. "నా దాంట్లో విడిగా కొని వేయించిన ర్యామ్ ఉంది, ఎస్ఎస్‌డీ ఉంది. రెండూ దీంట్లోకి మార్చు. నీ డిస్కు నువ్వు ఉంచుకో."

"పైకి పంపిస్తా."

"పైకి వెళ్ళింది ఏ ముక్కలు మార్చుకుని దిగుతుందో ఈ బజారంతటికీ తెలుసు. ఇక్కడే విప్పు."

లేకాన్ విప్పాడు. మరలు ఒక్కొక్కటే ఆమె అరచేతిలో పెట్టాడు. సూదులు పట్టుకునే చెయ్యి అది, ఒక్క మరా జారలేదు. ర్యామ్ ముక్క గాడిలో టక్కున కూర్చున్న చప్పుడు ఆమె చెవులారా వింది. ఎస్ఎస్‌డీ బిగించాక, లేకాన్ పెన్‌డ్రైవ్ పెట్టి కొత్త విండోస్ ఎక్కించాడు.

"అయిపోయింది. ఇక వెళ్ళు."

"నెట్ కలిపి అప్‌డేట్ అంతా దింపాక వెళ్తా. ఇదీ ఎవరి పేరు చెబుతుందో చూడాలిగా."

అప్‌డేట్ మొదలైంది. ఎంత దిగిందో చూపే గీత తెర మీద నత్తలా పాకుతోంది. దుకాణానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆమె హాట్‌స్పాట్ అడుగుతున్నారు, ఆమె ఇస్తూనే ఉంది. ఉన్నట్టుండి గీత ఆగిపోయింది. ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. డేటా అయిపోయింది.

చీఫ్ వెళ్ళిపోకుండా నిలబడింది దీనికోసమే. "దానం చేసి చేసి చివరికి చేతులెత్తేశావా?" అన్నాడు. "చీకటి పడకముందే ఇంటికెళ్ళమ్మా."

సింబియాత్ కుర్చీని బల్లకు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"నా ఫోన్‌కి కలుపు చెల్లీ," అంది ఉజోమా. అంతసేపూ వెళ్ళకుండా నిలబడే ఉంది. "చేపల వాసనొస్తుందేమో, పట్టించుకోకు. నువ్వు నోరు తెరవకపోతే నా కూతురి కాలేజీ డబ్బు ఈపాటికి ఆయన జేబులో ఉండేది."

గీత కదిలింది. చివరిదాకా వెళ్ళింది. యంత్రం ఆరిపోయి మళ్ళీ వెలిగింది. సందులో జనం మెడలు సాచారు. నీలం తెర మీద ఏ కంపెనీ గుర్తూ లేదు. 'మీ పేరు?' అని మాత్రం అడిగింది.

సింబియాత్ రెండు చూపుడువేళ్ళతో, తొందర లేకుండా, తన పేరు టైపు చేసింది. తర్వాత ఎంబ్రాయిడరీ ప్రోగ్రాం ఎక్కించి, ఫోన్లోంచి పెళ్ళికొడుకు మెడ డిజైన్ తెరిచింది. బంగారు రంగు మెలికలు తెరంతా పరుచుకున్నాయి. ఉజోమా వంగి చూసి ఈల వేసింది.

అప్పుడు గానీ సింబియాత్ కుర్చీలోంచి లేవలేదు. చీఫ్ ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంకెప్పుడూ నా సందులో అడుగు పెట్టకు."

"ఈ పెళ్ళి అయ్యాక రెండో మెషిన్ పెడుతున్నా ఓగా. దానికీ కంప్యూటర్ కావాలి. మీ కంటైనర్ మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పండి, డేటా నింపుకుని మరీ వస్తాను."

సింబియాత్ లాప్‌టాప్‌ను గుండెలకు హత్తుకుని, తేదీ చెబుతాడేమోనని చీఫ్ ముఖంలోకే చూస్తూ నిలబడింది. చివరికి పక్కకు తప్పుకున్నది ఆయనే.