బానెట్ మీద పేరు

ఈ ఉదయం మా అమ్మాయి హిమజ ఎడమ మోచేతికి తుప్పు పట్టింది.

ఇంకా ఎనిమిది గంటలు కూడా కాలేదు. తను వంటింటి గడప మీద కూర్చుని ఉప్మా తింటోంది. చెయ్యి మడిచినప్పుడల్లా పాత తలుపు తెరిచిన చప్పుడు. నేను దగ్గరికెళ్లి గోటితో గీకి చూస్తాను. ఎర్రటి పెచ్చు ఒకటి ఊడి పళ్లెంలో జీడిపప్పు పక్కన పడుతుంది.

"నొప్పెడుతోందా?"

"నొప్పేటీ నేదమ్మా. సప్పుడొస్తంది, అంతే." మళ్లీ మడిచి చూపిస్తుంది. తొమ్మిదేళ్ల పిల్ల, దానికి అదొక ఆట.

నాకు ఆ తుప్పు తెలుసు. తుప్పులన్నీ ఒక్కటి కావు. వానకు పట్టింది పసుపు తిరిగి ఉంటుంది, చెయ్యి వేస్తే రాలుతుంది. సముద్రపు గాలికి పట్టింది నల్లటి పొక్కులు కడుతుంది. ఇది మూసిపెట్టిన తుప్పు. గాలాడక ముదిరి వక్కపొడి రంగుకు వచ్చింది. దీన్ని నేను ఒక్కచోటే చూశాను. మూసింది కూడా నేనే.

నర్సీపట్నంలో మా ఇంటి ముందు రేకుల షెడ్డు ఉంది, అందులో పాత జీపు ఉంది. దాన్ని కొన్నది నా భర్త సన్యాసిరావు కోసం. ఆయన చింతపల్లి పైన కొండ ఊళ్లకు టీకాల పెట్టె తీసుకెళ్తాడు. బస్సు ఆగిపోయిన చోటి నుంచి నడకే. నేను ఐటీఐలో ఫిట్టర్ పని నేర్పుతాను కాబట్టి బండిని ఇంట్లోనే బాగు చేస్తానని పట్టుబట్టాను. ఆరు నెలలు పట్టింది. నేల రేకంతా కోసి కొత్తది అతికాను. అడుగు చట్రం ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టాను. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగు, కొండ దారికి తగ్గ ఎత్తు టైర్లు వేశాను. వీధిలో ఆడవాళ్లు వచ్చి, "ఏటి హిమజమ్మా, సీర నిండా గ్రీజు నగలే!" అని వేళాకోళం చేస్తే నవ్వి ఊరుకున్నాను. నా పని నాకు గొప్పగానే ఉండేది.

దసరాకు ముందు రోజు బానెట్ ఎడమ మూల అరచేతంత తుప్పు మిగిలింది. దాన్ని కోసి అతకాలంటే రెండు రోజులు. పూజ తెల్లారే. తుప్పు కనబడకుండా పైన పుట్టీ రాసేశాను. ఎమిరీ కాగితంతో నున్నగా రుద్ది రంగు కొట్టాను. అందరూ బండ్ల మీద పిల్లల పేర్లు రాయించుకున్నట్టే, పెయింటర్ లోవరాజు చేత సరిగ్గా ఆ చోటే "హిమజ" అని రాయించాను. పసుపు అక్షరాలు, వాటికి ఎర్ర నీడ. మర్నాడు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం.

క్లాసులో ఏటా మొదటి రోజు నేను చెప్పే మాట ఒకటుంది. తుప్పును కోయండి, కప్పకండి. కప్పితే అది నిద్రపోదు, తన పని తాను చేసుకుంటుంది అని. చెప్పేవి శ్రీరంగ నీతులు.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న సుత్తితో హిమజ మోచేతి మీద తడతాడు. చప్పుడు బోలుగా వస్తుంది. భుజం మీద తడతాడు. అక్కడ ఇంకా మామూలు పిల్ల చప్పుడే.

"జ్వరం లేదు," అంటాడు. "ఇది రేకు పని. మందు రాసినా ఎక్కదు."

"మరి ఎవరికి చూపించాలండీ?"

"పుట్టీ రాసినవాళ్లకు. సాయంత్రం బడి గంట కొట్టేలోపు చూపించండి. మెడ దాటిందంటే కీళ్లన్నీ పట్టేస్తాయి. ఆ తర్వాత ఎక్కడ నిలబెడితే అక్కడే ఉంటుంది." చీటీ మీద నా పేరు రాయాల్సిన చోట "హిమజ తల్లి" అని రాసి ఇస్తాడు. నేను చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుంటాను.

బయటికి వచ్చేటప్పుడు హిమజ మణికట్టు కదలడం లేదు. మెట్ల దగ్గర నా వేలు పట్టుకుంటుంది. పట్టుకున్నాక వదలలేకపోతుంది. ఇంటి దాకా అలాగే వస్తాం.

సన్యాసిరావు గ్రీజు డబ్బా తెచ్చి పిల్ల వేళ్ల సందుల్లో రాస్తాడు. ఒక్కొక్క వేలే విడివడుతుంది. తుప్పు అప్పటికే భుజానికి ఎక్కింది. కొన్ని మచ్చలు గౌను కింద నుంచి మోకాలికి కూడా దిగాయి.

"నీకు తెలిసే రాసినావేటే?" తల ఎత్తకుండానే అడుగుతాడు.

"తెలిసే రాశాను."

ఆయన తిట్టడు. తిడితే బాగుండును. గ్రీజు చేతుల్ని తన లుంగీకే తుడుచుకుని, పిల్లను నీడలో స్టూలు మీద కూర్చోబెడతాడు. నాకు భయంగా ఉంది. చేతులు మాత్రం వణకడం లేదు. పనిముట్లు పట్టి పట్టి వాటికి వణకడం రాదు.

లోవరాజుకు కబురు పెడతాను. ఆయన కుంచెలు, పసుపు రంగు డబ్బా పట్టుకుని వచ్చి బానెట్‌కు చెవి ఆనించి వింటాడు.

"లోపల తుప్పు నమల్తంది మేడంగోరూ," అంటాడు.

"పేరు చెరిపెయ్యి లోవరాజూ."

"సెరిపితే పాప రేపు బడి నుంచి ఏ పేరుతో ఇంటికొస్తాదండి? రాసిన పేరు తియ్యకూడదు. దాని మీద ఇంకో పేరు రాయొచ్చు. అప్పుడు తుప్పు పాపనొగ్గీసి, కొత్త పేరు గలోల్లని ఎతుక్కుంటాది."

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. లెక్క సరిగానే ఉంది.

"అయితే నా పేరు రాయి."

"అలాగేనండి." కుంచె పసుపులో ముంచుతాడు. "మీ పేరేటండి?"

నేను నోరు తెరుస్తాను. అందులో ఏమీ లేదు. సన్యాసిరావు వంక చూస్తాను. ఆయన తడబడతాడు. "హిమజమ్మే కదేటి? తొమ్మిదేళ్ల బట్టీ అదే పిలుస్తన్నాం." లోపలికి పోయి రేషన్ కార్డు తీస్తాను. హిమజ తల్లి. బ్యాంకు పుస్తకం తీస్తాను. హిమజ తల్లి. ఐటీఐ హాజరు పట్టీలో ఉన్నది హిమజమ్మ మేడమ్. మా పెళ్లి శుభలేఖలో కూడా హిమజ తల్లి అనే ఉంది. అప్పటికి హిమజ లేదు. బీరువా తలుపు పట్టుకుని ఏడుస్తాను. ఇలా ఏడిచినా గడియారం ఆగదు.

షెడ్డులోంచి హిమజ పిలుస్తుంది. "అమ్మా! మెడ తిప్పనేకపోతన్నాను."

అప్పుడు సుత్తి గుర్తొస్తుంది.

నేను ఐటీఐలో చేరిన ఏడాది, ఎవరి పనిముట్ల మీద వాళ్ల పేరు కొట్టుకోమన్నారు. ఉక్కు అక్షరాల పంచ్‌లు ఒక చెక్క పెట్టెలో ఉండేవి. ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ. బ్యాచ్‌లో నేనొక్కదాన్నే ఆడపిల్లను కాబట్టి నా సుత్తి ఎవరూ ఎత్తుకెళ్లకుండా మరీ లోతుగా కొట్టాను. పనిముట్ల పెట్టె అడుగున, నూనె గుడ్డ కింద అది దొరుకుతుంది. తల పక్కన నాలుగు అక్షరాలు. వరహాలు.

ఆ పేరు ఎవరిదోలా అనిపిస్తుంది. రెండుసార్లు పైకి చదువుతాను. మూడోసారి నాకు సరిపోతుంది.

"రాసీమంటారా?" లోవరాజు అడుగుతాడు.

"వద్దు. రంగు మీద రాసింది రంగుతో పోతుంది. కొట్టి దింపుతాను."

పంచ్‌ల పెట్టె ఇంట్లోనూ ఒకటుంది; అది, సుత్తి తీసుకుని బానెట్ ఎక్కుతాను. మూల దాకా నాలుగడుగులు ఉండాలి. నడుస్తూనే ఉంటాను. బానెట్ షెడ్డు దాటి పొడుగవుతోంది. కాలి కింద రేకు ఎండకు కాలుతోంది. వెనక్కి చూస్తే షెడ్డు అగ్గిపెట్టె అంత ఉంది, దాని ముందు సన్యాసిరావు టీకా సీసా అంత ఉన్నాడు. స్టూలు మీద ఎర్రటి చుక్క మా అమ్మాయి.

దూరంగా బడి బంట్రోతు గంట కొట్టే ఇనుప కడ్డీ ఎత్తడం కనిపిస్తుంది. నేను పరుగెడతాను.

పేరు దగ్గరికి వచ్చేసరికి ఒక్కో అక్షరం గోడంత ఎత్తుంది. వాటి ఎర్ర నీడలో చల్లగా ఉంది. కింద పుట్టీ వెచ్చగా, మెత్తగా, పైకీ కిందికీ ఆడుతోంది. దాని మీద నా చేతి వేళ్ల జాడ ఇంకా ఉంది. ఎంత బాగా నున్న చేశానో ఇప్పుడు చూస్తే అసహ్యం వేస్తుంది.

మోకాళ్ల మీద కూర్చుని మొదటి పంచ్ ఆనించి కొడతాను. పుట్టీ పగులుతుంది. వ. దూరంగా హిమజ మెడ తిప్పుతుంది. ర. భుజం వదులవుతుంది. నా ఎడమ మోచేతిలో ఏదో కరకరమంటుంది. హా. గంట మొదటి దెబ్బ వినబడుతుంది. నా వేళ్లు పంచ్ చుట్టూ బిగుసుకుపోతున్నాయి. వాటిని పళ్లతో లాగి, నాలుగోది ఆనించి, కళ్లు మూసుకుని కొడతాను. లు.

బానెట్ మామూలు పొడుగుకు వచ్చేస్తుంది. హిమజ స్టూలు దిగి రెండు చేతులూ గాలిలో ఊపుతుంది. మోచెయ్యి కొత్త రేకులా మెరుస్తోంది. సన్యాసిరావు పిల్లను ఎత్తుకుని ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు కూడా. నాకు చచ్చి బతికినంత సంతోషంగా ఉంది. పిల్ల దక్కింది, అది చాలు.

దిగబోతే కాళ్లు నేలకు ఆనుతాయి, కాని నడుము నిలవదు. చేతులు కూడా నేలకు ఆనించాల్సి వస్తుంది. అలా వంగి ఉంటేనే బరువు సమంగా ఉంది. వెనక షెడ్డు ఖాళీగా ఉంది. అక్కడ జీపు లేదు. నూనె మరక మాత్రం ఉంది.

లోవరాజు నా చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాడు. "పని గట్టిగా సేసినారు," అని మెచ్చుకుంటాడు.

"కొండెక్కుతాదా?" సన్యాసిరావు అడుగుతాడు.

"ఎక్కక! డిస్క్ బ్రేకులు కూడానండి."

ఆయన టీకాల పెట్టె తెచ్చి నా వీపు మీద పెడతాడు. ఐసు చల్లదనం రేకులోంచి దిగుతుంది. పెట్టె పక్కనే కూర్చుని, నా భుజం మీద మెల్లగా తడతాడు. ముప్పై నాలుగు మంది పిల్లలు పైన ఎదురుచూస్తున్నారని ఎవరికో చెబుతున్నట్టు చెబుతాడు.

హిమజ వంటింట్లోకి పరుగెత్తి నాలుగు నిమ్మకాయలు తెస్తుంది. నా రెండు అరచేతుల ముందూ, రెండు పాదాల ముందూ ఒక్కోటి సర్దుతుంది. దానికి అన్నీ తెలుసు. దసరాకు నా పక్కనే నిలబడి చూసింది. నిమ్మకాయ తొక్కిన బండి వెనక్కి రాకూడదని కూడా తెలుసు.

తర్వాత నా ముఖం దగ్గరికి వచ్చి ఆగుతుంది. నా మెడ మీద ఎడమ వైపు వేలు పెడుతుంది.

"అయ్యో అమ్మా, ఇక్కడ ఎర్రగా అయిపోనాది."

లోపలికెళ్లి పుట్టీ డబ్బా, చిన్న రేకు పలక తెస్తుంది. నాలుక కొంచెం బయటపెట్టి, శ్రద్ధగా, ఆ మచ్చ మీద రాస్తుంది. పైనుంచి కిందికి, ఒకే ఒత్తిడితో, అంచులు తేలకుండా. నేను చేస్తుంటే చూసి నేర్చుకుంది. ఎమిరీ కాగితంతో రుద్ది, నోటితో పొడి ఊదేస్తుంది. చాలా నున్నగా వచ్చింది.

"ఇప్పుడు బాగున్నాది," అంటుంది. లోవరాజు దగ్గర కుంచె అడిగి తీసుకుని పసుపు డబ్బాలో ముంచుతుంది. "పేరు నానే రాస్తాను. బండి మీద పిల్లల పేరే కదా రాస్తారు."

వద్దని చెప్పాలి. తుప్పును కొయ్యమని చెప్పాలి. నోరు తెరుస్తాను, హారన్ మోగుతుంది. ఇంకా గట్టిగా అరుస్తాను. వీధి చివరి దాకా మోగుతుంది. ఇంటింటి నుంచీ ఆడవాళ్లు బయటికి వచ్చి చప్పట్లు కొడతారు. హిమజ పకపకా నవ్వి, "ఇంకోసారి కొట్టమ్మా!" అంటుంది.

నేను కొడుతూనే ఉంటాను. కుంచె మెడకు తగులుతుంది, చల్లగా. నా వీపు మీద కూర్చున్న సన్యాసిరావు తాళం తిప్పుతాడు. అరచేతుల కింద నిమ్మకాయలు ఒక్కొక్కటే పగులుతాయి.