మోటారు ఇంటికొచ్చాకే చేతులు

నెల రోజులుగా ఆ ఇంట్లో గొడవంతా ఒక ఇనప పెట్టె గురించే. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు మెకానిక్కుగా చేసి ఇంటికొచ్చిన పెద్దాయన పెట్టె అది. వీధిలో పిల్లా పెద్దా అందరూ ఆయన్ని డిపో తాతయ్య అంటారు. పెట్టెలో స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, పాత గుడ్డలు, ఏ బండివో ఆయనకు తప్ప ఎవరికీ తెలియని నట్లు నాలుగు గుప్పెళ్లు. మంచం కింద ఉంటుంది. ఊడ్చినప్పుడల్లా చీపురు దానికి తగిలి, ఆయన భార్య దాన్నీ ఆయన్నీ కలిపి తిడుతుంది.

పోయిన నెల ఆయన మేడమీద ట్యాంకుకు కొళాయి మార్చి, దాన్ని కట్టకుండానే కిందికి దిగివచ్చారు. నీళ్లు మెట్ల మీదుగా కింది వాటావాళ్ల పరుపుల దాకా పోయాయి. అందరూ పరుగెత్తుకొచ్చి అడిగితే, "కట్టేశానే! నా చేత్తో కట్టేశాను" అన్నారు. అబద్ధం ఆడే మనిషి కాదు. అందుకే ఇంట్లోవాళ్లకు దిగులు పట్టుకుంది.

"మరిచిపోయానంటే సరే అనుకుంటాం. కట్టకుండా కట్టేశానంటే ఎలాగండీ?" అంది భార్య.

"నాన్నా, ఇక ఆ పెట్టె అటకెక్కించేద్దాం" అన్నాడు కొడుకు. కోపంగా కూడా అనలేదు. మెల్లగా, జ్వరమొచ్చినవాడితో మాట్లాడినట్టు అన్నాడు. పెద్దాయనకు ఆ మెల్లదనమే గుచ్చుకుంది.

ఆ రోజు నుంచి పెట్టె ఎక్కుతుందా, ఉంటుందా అన్న సంగతి తేలకుండా ఉండగా కోడలి కారు వైపర్ ఆగిపోయింది.

కోడలు నర్సు. ఆస్పత్రి తరఫున మంచం మీదున్న రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మారుస్తుంది, ఇంజక్షన్లు ఇస్తుంది. రోజుకు ఎనిమిది తొమ్మిది ఇళ్లు. చిన్న కరెంటు కారు కొనుక్కుంది. రెండు రోజులుగా ముసురు పట్టి ఉంది. వైపర్ మోటారు కాలిపోయిందన్నారు కంపెనీ వర్క్‌షాపువాళ్లు. పదిహేను రోజుల దాకా తీరిక లేదని కూడా అన్నారు. ఆమె కొత్త మోటారు తెచ్చుకుని, మధ్యాహ్నం అన్నాలయ్యాక మామగారి మంచం పక్కన నిలబడింది.

"మామయ్యా, మీరు మార్చగలరా?"

ఆయన లేచి కూర్చున్నారు. నెల రోజుల్లో ఆయన్ని ఎవరూ ఏదీ మార్చమని అడగలేదు.

వంటింట్లోంచి భార్య గొంతు వచ్చింది. "ఇదిగో, ముందే చెబుతున్నా. ఇది సరిగ్గా కుదిరితే పెట్టె మంచం కిందే ఉంటుంది. తేడా వచ్చిందో, రేపు పొద్దున్నే అటకెక్కుతుంది. దేవుడి మీద ఒట్టు!"

"మధ్యలో దేవుణ్ని ఎందుకే లాగుతావు?"

"నా మాట ఎలాగూ వినరు. ఆయన మాటైనా వింటారని."

దేవుడి మాట రాగానే పెద్దాయన గొంతు తగ్గిపోయింది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పది రోజుల కిందట పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడి, నలభై ఏళ్లుగా చదువుతున్న స్తోత్రం చదువుతూ మధ్యలో ఆగిపోయారు. తర్వాతి మాట రాలేదు. మొదటినుంచి ఎత్తుకున్నారు. మళ్లీ అక్కడే ఆగారు. 'స్వామీ, నువ్విచ్చిన మాటలే కదా. ఒక్కొక్కటీ వెనక్కి తీసుకుంటున్నావా?' అని అడిగి, అలా అడిగినందుకు నాలుక కరుచుకున్నారు. ఆ రోజు నుంచి ఆ చోటు వచ్చేసరికి పెదవులు మాత్రం కదిపి దాటేస్తున్నారు.

*

కారును ఇంటి ముందు రేకుల నీడలో పెట్టారు. కోడలు బానెట్ ఎత్తింది. పెద్దాయన అలవాటు కొద్దీ చెవి వంచి విన్నారు.

"ఏం వింటున్నారు మామయ్యా? ఇందులో ఇంజను ఉండదు."

"తెలుసులేమ్మా. ముప్పై నాలుగేళ్లు విన్న చెవి, ఊరుకోమంటే ఊరుకుంటుందా?"

లోపల నారింజరంగు తొడుగులు వేసిన లావుపాటి తీగలు కనబడ్డాయి. వాటిని ముట్టుకోవద్దని కంపెనీవాళ్లు చెప్పారంది కోడలు. "వాటితో మనకేం పని? వాటి దారిన అవి, మన దారిన మనం" అన్నారాయన. వైపరుకు కరెంటు మామూలు కార్లలో ఉండే చిన్న బ్యాటరీ నుంచే వస్తుంది. ఆ సంగతి ఆయన వారం కిందటే, ఎవరూ అడగకుండానే, కారుతో వచ్చిన పుస్తకంలో చూసి పెట్టుకున్నారు.

"డిపోలో కుర్రాళ్లకు ఒకటే చెప్పేవాణ్ని. వైపర్ మోటారుకు ఒక ఇల్లుంటుంది. స్విచ్ ఆపితే ఎక్కడపడితే అక్కడ ఆగదు, తన ఇంటికి పోయి ఆగుతుంది. కొత్త మోటారు పెట్టెలోంచి వచ్చేటప్పుడు ఇంట్లో ఉందో బజార్లో ఉందో మనకు తెలియదు. ఒకసారి తిప్పి ఆపాలి. మోటారు ఇంటికొచ్చాకే వైపర్ చేతులు బిగించాలి. ఇది మరిచినవాడు మెకానిక్కే కాదు."

కోడలు తన సంచిలోంచి కట్లు అతికించే తెల్ల టేపు తీసి, రెండు వైపర్లు అద్దం మీద ఆనే చోట చిన్న ముక్కలు అంటించింది. ఆయన కారు ఆపించి, చిన్న బ్యాటరీ మీది తీగ ఊడదీయించారు. అది ఎక్కడా తగలకుండా దాని కొసకు కూడా ఆమె టేపు చుట్టింది, వేలికి కట్టు కట్టినంత నీటుగా.

పని మొదలయ్యాక పెద్దాయన వేరే మనిషి అయిపోయారు. వైపర్ చేతుల మీది మూతలు గోటితో లేపి నట్లు విప్పారు. ఒక చేయి బిగుసుకుపోతే లాగలేదు. పళ్లు ఊడదీసే డాక్టరులా అటూ ఇటూ కదిపి, "రా తల్లీ, రా" అంటూ లేపారు. అద్దం కిందున్న ప్లాస్టిక్ పలకను క్లిప్పులు విరగకుండా తీశారు. దాని కింద దుమ్ము, ఎండుటాకులు, ఒక చాక్లెట్ కాగితం. మోటారునూ, రెండు చేతులను కదిలించే కడ్డీలనూ ఒకే ముక్కగా పైకి తీసి గుడ్డ మీద పెట్టారు.

అంతలో ఆమెకు ఫోను వచ్చింది. ఎవరిదో కట్టు తడిసిందట. ఏం చేయాలో చెప్పడానికి ఆమె లోపలికి వెళ్లి, పావుగంటకు తిరిగి వచ్చింది. అప్పటికి కొత్త మోటారు కడ్డీలకు బిగించి, కారులో కూర్చోబెట్టేశారు. వైపర్ చేతులు కూడా తెల్ల టేపు గుర్తుల మీదే ఉన్నాయి.

"అప్పుడే అయిపోయిందా మామయ్యా! మోటారు తిప్పి చూశారా?"

"చూడకుండా ఉంటానా? శుభ్రంగా తిరిగింది. ఇంటికొచ్చి ఆగింది. ఆగేటప్పుడు 'టిక్' మన్నది కూడా విన్నాను."

కోడలి చూపు బ్యాటరీ మీద పడింది. తీగ ఊడదీసినట్టే ఉంది. కొసకు ఆమె చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది. ఒక్క మడత చెదరలేదు.

ఆమె ఒక్క క్షణం ఆయన ముఖం కేసి చూసింది. ఆ ముఖంలో ఏ దాపరికమూ లేదు. తనదే పొరపాటేమో, ఆయనే మళ్లీ చుట్టారేమో అని తనకు తానే సర్దిచెప్పుకుని టేపు విప్పి, తీగ బిగించి, కారులో కూర్చుని వైపర్ స్విచ్ నొక్కింది.

రెండు చేతులూ పైకి పోవలసింది పోయి కిందికి దిగాయి. ప్లాస్టిక్ పలకకు టప్పుమని కొట్టుకుని, కొట్టుకుంటూ వణికాయి. ఆమె చటుక్కున ఆపేసింది.

పెద్దాయన పక్కన పెట్టిన స్పానరు తీయబోయి, తీయలేదు.

"మోటారు ఇంట్లో లేదు" అన్నారు చివరికి. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. తర్వాత బ్యాటరీ కేసి, కోడలి చేతిలో నలిగిన టేపు కేసి చూశారు. "తీగ లేకుండా మోటారు ఎలా తిరుగుతుంది? నేను తిప్పలేదు కదూ?"

"లేదు మామయ్యా."

"కానీ తిరగడం చూశానమ్మా. ఒట్టు. 'టిక్' మనడం విన్నాను." ఆయన బానెట్ అంచు పట్టుకుని, అక్కడే ఉన్న ముక్కాలి పీట మీద కూర్చున్నారు. "విన్నాను. అయితే అది ఈ మోటారు కాదు. ఏదో బస్సుది. ఏ బస్సో, ఎన్నేళ్ల కిందటో. కొన్ని వందలు తిప్పాను కదా. అందులోంచి ఒకటి వచ్చి ఇక్కడ కూర్చుంది. కొళాయి కట్టడం కూడా అంతే అయి ఉంటుంది. ఎప్పుడో, ఎవరింట్లోదో."

గుమ్మంలో చప్పుడైంది. టీ గ్లాసులు పట్టుకుని భార్య నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. పెద్దాయన ఆమె ముఖం చూడకుండానే అన్నారు:

"రేపటిదాకా ఎందుకులే. పెట్టె ఇప్పుడే ఎక్కించేయండి. నేనే అందిస్తాను."

ఆమె నెల రోజులుగా కోరుకున్న మాటే అది. తీరా విన్నాక టీ గ్లాసులు కారు మీదే పెట్టబోయి, చేతిలోనే ఉంచుకుంది.

కోడలు కారులోంచి దిగి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. తెల్ల బట్టలకు గ్రీజు అంటుతుందని కూడా చూసుకోలేదు.

"మామయ్యా, మా ఆస్పత్రిలో కొన్ని మందులుంటాయి. ఇచ్చేముందు ఇద్దరం నిలబడి పైకి చదువుతాం. ఒకరు చదవాలి, ఒకరు చూసి టిక్కు పెట్టాలి. నాకు గుర్తుంది అంటే ఒప్పుకోరు. ఎందుకో తెలుసా? కొత్తలో ఒకసారి నేను ఇంజక్షన్ ఇచ్చేశాననుకుని రాసేశాను. ఇవ్వలేదు. నిన్నటి రోగికి ఇచ్చింది గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు."

"రోగికేమైంది?"

"పక్క నర్సు చూసింది. అందుకే ఏమీ కాలేదు."

"నీది ఒకసారి. నాది రెండోది" అన్నారాయన.

"అవును" అంది కోడలు. అబద్ధం చెప్పలేదు. "దాని సంగతి డాక్టరు దగ్గర చూద్దాం. గురువారం నాకు సెలవు, నేనే తీసుకెళ్తాను. ముందు ఈ మోటారును ఇంటికి చేరుద్దాం. మీరు చెప్పండి, నేను రాస్తాను."

ఆమె వెడల్పు టేపు బారెడు లాగి బానెట్ అంచు వెంబడి అతికించి, పెన్ను తీసింది. ఆయన మొదట గొణిగారు. తర్వాత గొంతు పెరిగింది. బ్యాటరీ తీగ తీయాలి. చేతులు తీయాలి. పలక తీయాలి. కడ్డీలను మోటారు నుంచి విప్పాలి. బ్యాటరీ తీగ పెట్టి, మోటారును ఒంటరిగా తిప్పి, ఆపాలి. ఒక్కటి కూడా తడుముకోలేదు. చెయ్యవలసినదంతా ఉంది ఆయన దగ్గర. చేశారో లేదో చెప్పేదే జారిపోతోంది.

"అత్తయ్యా, ఒకటైనప్పుడల్లా మీరు టిక్కు పెట్టండి."

"నాకేం తెలుసే ఈ మోటార్ల గోల?"

"తెలియనక్కర్లేదు. మామయ్య 'అయింది' అంటే నమ్మకండి. కళ్లతో చూసి పెట్టండి."

"ఆయన మాట నమ్మకపోవడమా? అది నాకు పెళ్లైన మర్నాటి నుంచే అలవాటు" అంటూ ఆమె గ్లాసులు కింద పెట్టి పెన్ను అందుకుంది. పెద్దాయన ముఖంలో మొదటిసారి నవ్వు కదిలింది.

మళ్లీ అంతా విప్పారు. కోడలు తీగ బిగించి, కారులో కూర్చుని స్విచ్ వేసి తీసింది. మోటారు ఒంటరిగా గిర్రున తిరిగి, 'టిక్' మని ఆగింది.

"విన్నావా?" అన్నారాయన భార్యతో.

"విన్నాను. ఇది ఈ కారుదే, ఇవాళ్టిదే." ఆమె టిక్కు పెట్టింది. టేపు చిరిగేంత గట్టిగా.

కడ్డీలు, పలక మళ్లీ పెట్టి, చివరికి చేతులు బిగించారు. అద్దం మీద నీళ్లు పోయమంటే ఆమె చెంబుతో కాదు, బకెట్టుతో పోసింది. సగం భర్త మీద పడ్డాయి. "చూసి పొయ్యవే!" "చూసే పోశాను!" వైపర్లు లేచాయి. నీళ్లను పక్కకు తోసి, వెనక్కి వచ్చి, సరిగ్గా తెల్ల టేపు ముక్కల మీద పడుకున్నాయి. మూడుసార్లు చూశారు. మూడుసార్లూ అక్కడే. అద్దం అవతల కోడలు రెండు చేతులూ ఎత్తి చూపింది.

చీకటి పడకముందే మళ్లీ చినుకులు మొదలయ్యాయి. పెద్దాయన స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టారు. పెట్టె ఎత్తుకుని లోపలికి వచ్చి, అటక కేసి ఒకసారి, భార్య కేసి ఒకసారి చూశారు.

"నిలబడ్డారేం? మంచం కింద పెట్టండి" అంది ఆమె. "మొదటిసారి తేడా వచ్చింది కదా అంటారేమో. దేవుడికి నేను చెప్పుకుంటాను. ఒట్టు వేసింది నేను." పెట్టె పైమూత మీద ఆమె అప్పుడే తెల్ల టేపు అతికించి ఉంది. దాని మీద వంకర అక్షరాలతో 'నన్ను పిలిచాకే తెరవండి' అని రాసింది.

మర్నాడు కోడలు ఏడింటికే వానలో బయల్దేరి వెళ్లింది. కారు మలుపు తిరిగేదాకా ఆ వైపర్లనే చూసి, పెద్దాయన స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడ్డారు. స్తోత్రం ఎత్తుకున్నారు. ఆ చోటు వచ్చింది. ఎప్పటిలా పెదవులు కదిపి దాటేయబోయి, ఆగారు. దాటకుండా అలాగే నిలబడ్డారు.

వెనక వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. భార్య గొంతు, తిరిగి కూడా చూడకుండా, ఆ తర్వాతి మాట అందించింది.

ఆమెకు ఆ స్తోత్రం వచ్చని ఆయనకు ఇంతవరకూ తెలియదు. ఈ పది రోజులూ ఆయన ఎక్కడ ఆగుతున్నారో ఆమె వింటూనే ఉందనీ తెలియదు. వెనక్కి తీసుకున్నవాడే ఇలా ఇంకో గొంతులో తిరిగి ఇస్తున్నాడా, లేక ఇది ఈవిడ దగ్గర ఎప్పటినుంచో ఉన్నదేనా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆ మాట అందుకుని, మిగిలింది పైకి చదివారు.