సబ్బుబుడగ ఊదే పిల్ల మొహం

మా ఆయన వౌటర్ రాగిరేకుల మీద బొమ్మలు చెక్కుతాడు. ఈసారి పిల్లల ఆటల పటం. వెనక వీధినిండా బొంగరాలు, చక్రాలు, కొయ్యకాళ్ళ మీద నడిచేవాళ్ళు. ముందు గడప మీద ఒక్కత్తే కూర్చుని, ఆల్చిప్పలో సబ్బునీళ్ళు పెట్టుకుని గడ్డిపుల్లతో బుడగ ఊదే పిల్ల. రేకు తుడుస్తూ ఆ పిల్లను చూశాను. అచ్చం మా నీల్చె మొహమే. నాలుగేళ్ళది, పక్కగదిలో దగ్గుతూ పడుకుని ఉంది.

పటంలో బుడగ ఊదే పిల్ల అంటే ఏమిటో మా హార్లెమ్ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. బతుకు అంతసేపే అని. కింద వేసే పద్యంలోనూ అదే ఉంది. ఎనిమిదో ఏట బడి మాని లేసులు అల్లడానికి కూర్చున్నదాన్నైనా ఆ నాలుగు పంక్తులూ కూడబలుక్కుని చదివాను. పోయిన చలికాలమే పెద్దదాన్ని పూడ్చిపెట్టాం.

మొహం మార్చమని అడిగాను. చెక్కిన గీత చెరిపితే రేకు గుంటపడుతుందన్నాడు. శనివారానికి ఇచ్చెయ్యాలన్నాడు.

"బుడగలూదితే పిల్లలు పోయేట్టయితే మన వీధిలో ఒక్కళ్ళూ మిగలరే, ఆల్చె."

"వాళ్ళ మొహాలు రాగి మీదికి ఎక్కలేదుగా."

మర్నాటికి నీల్చె దగ్గు గుండెలోకి దిగింది. వౌటర్ కాగితాలు తేవడానికి వెళ్ళగానే గీకుడు కత్తి తీసుకుని ఆ బుగ్గలు, ముక్కు, నోరు గీకేశాను. రాగి తళతళలాడింది. పోయిందిలే అనుకున్నాను.

వౌటర్ వచ్చి, చూసుకోకుండా సిరా పూసి తొలి అచ్చు తీశాడు. నేను గీకిన గరుకులో సిరా ఆగిపోయింది. కాగితం మీద నీల్చె కళ్ళు అలాగే ఉన్నాయి. వాటి కింద మొహమంతా నల్లగా కమిలిపోయింది. నేనే చేశానని చెప్పాను.

వౌటర్ అరవలేదు. ఆ కాగితం పొయ్యిలో వేశాడు. రేకు బోర్లించి వెనకనుంచి సుత్తితో మెల్లగా కొట్టి గుంట పైకి లేపాడు. మిగిలిన కళ్ళు కూడా తనే గీకి, నునుపు చేసి, నావైపు తిరిగాడు.

"ఎవరి మొహం పెట్టమంటావు? రొట్టెలావిడ కూతురిదా?"

పొద్దున ఆ పిల్లే మా నీల్చెకు పాలలో నానబెట్టిన రొట్టె తెచ్చిచ్చింది. ఇంకో పిల్ల పేరు చెప్పబోయి మానుకున్నాను.

పీట కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. తలగుడ్డ తీసేసి, బుడగ ఊదుతున్నట్టు బుగ్గలు పూరించాను.

"నీకు ఇరవై రెండేళ్ళు."

"చిన్నదాన్ని చెయ్యండి."

రేకు మీద ఉలి ఆనించాడు. పక్కగదిలో దగ్గు వినబడినప్పుడల్లా నేను కదిలాను. కదలొద్దన్నాడు.