కూర్చునే చోట్లు

చివరి వరుస సీట్ల నుంచి మొదలుపెట్టడం కినుయో పద్ధతి. మిగతా ఆడవాళ్లు తలుపు దగ్గర నుంచి ఊడ్చుకుంటూ లోపలికి పోతారు. ఆమె మాత్రం చీపురు, బకెట్టు, తడిగుడ్డ పట్టుకుని ముందు బస్సు చివరికంటా నడిచి, అక్కడ మోకాళ్ల మీద కూర్చుంటుంది. మనుషులు దిగిన దారినే చెత్త కూడా దిగిపోవాలని ఆమె ఉద్దేశం.

సోమవారం ఉదయం. షెడ్డు రేకుల మీద సన్నగా వాన పడుతోంది. నిన్న సాయంత్రం క్యోటో నుంచి తిరిగొచ్చిన బస్సు అది. లోపల ఇంకా ప్రయాణికుల వాసన మిగిలే ఉంది: కమలాతొక్కలు, తడిసిన ఉన్ని, దాల్చినచెక్క. ఆ దాల్చినచెక్క క్యోటోలో అమ్మే పల్చటి మిఠాయి మీద చల్లే పొడి. కొనుక్కొచ్చినవాళ్లు ఇంటిదాకా ఆగలేక దారిలోనే ఒక పొట్లం విప్పుతారు. కినుయో సీటు సందులోకి చూపుడువేలు దూర్చి ఆ పొడిని బయటికి లాగింది. వేలి కణుపు వాచి ఉంది. గోళ్లు మాంసం దాకా కత్తిరించి ఉన్నాయి. పొట్టి మనిషి. తలకి కట్టిన తువ్వాలు కింద నుంచి తెల్లజుట్టు నాలుగు పోగులు చెవి మీదికి జారాయి.

ఆమె క్యోటో ఎన్నడూ చూడలేదు. కానీ పెళ్లీడు పిల్లకి తల్లి సామాను కూర్చినట్టు, ఏళ్ల తరబడి ఆ ఊరిని బస్సుల నేల మీద నుంచి ఏరి కూర్చుకుంది. శరదృతువులో ఎర్రటి మేపుల్ ఆకులు, వానాకాలంలో నాచు అంటిన చెప్పుల బురద, ఏడాది పొడుగునా గుళ్ల కరపత్రాలు, నలిగిన పటాలు. బాగున్నవాటిని తడిగుడ్డతో తుడిచి, సీటు దిండు కింద పెట్టి చదును చేసి, మేనేజరుతో చెప్పి ఇంటికి తీసుకెళ్లేది. గొడుగులు, కళ్లజోళ్లు, టోపీలు మాత్రం ఆఫీసు అరలో పెట్టేది. వాటి కోసం మనుషులు వస్తారు. ఆమె ఇంట్లో ఉన్న మడత పీట కూడా ఒకప్పుడు అలా దొరికిందే. చేపలు పట్టేవాళ్లు గట్టున వేసుకునే పీట. గడువు దాటినా ఎవరూ రాకపోతే, పట్టుకుపొమ్మన్నాడు మేనేజరు. చిరిగిన గుడ్డ తీసేసి, చనిపోయిన అత్తగారి పాత నడికట్టు పట్టీని రెండు పొరలుగా కుట్టింది.

తుడవడం పూర్తయ్యాక తలుపు దగ్గర నిలబడి, ఖాళీ సీట్లకి ఒకసారి తల వంచింది. ప్రతి బస్సుకీ అంతే. ఎవరైనా నవ్వితే, "మనల్ని మోసేదానికి ఆ మాత్రం చెయ్యొద్దా?" అంటుంది.

విశ్రాంతి గదిలో స్టవ్ మీద కెటిల్ కూస్తోంది. కమేదా అప్పటికే కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆ క్యోటో బస్సు నడిపేది అతనే.

"అక్కా, ఈసారి నా బండిలో ఏం దొరికింది?"

"ఒక గొడుగు. ఒక పళ్ల సెట్టు."

"పళ్ల సెట్టా? పాపం, ఆయన రాత్రి అన్నం ఎలా తిన్నాడో."

"నీ మలుపులకి నోరు తెరిచి ఉంటాడు. పళ్లు అక్కడే పడిపోయి ఉంటాయి."

గదిలో ఇంకో ఇద్దరు నవ్వారు. కినుయో తన అన్నం డబ్బా మూత తీసి, కొంబు అనే సముద్రపు నాచు తురుము పొదిగిన అన్నపుముద్దల్లో ఒకటి కమేదా ముందు పెట్టింది. అతను వద్దనలేదు. వద్దని ఎప్పుడూ అనడు.

"ఏప్రిల్లో బండి నీదేనా?"

"నాదే. శుక్రవారం పోక, ఆదివారం రాక. ఏం, మీ ఆయన వస్తానన్నాడా?"

"అనలేదు."

"మరి రానన్నాడా?"

"అదీ అనలేదు. నా వెనక పదిమంది ఆగాలి, నాకు నామోషీ అన్నాడు."

కమేదా ముద్ద కొరుకుతూ తల ఊపాడు. ఆమె భర్త ఇవావో సంగతి ఊరందరికీ తెలుసు. గుడి గంటలు, దీపపు కుందులు పోతపోసే కార్ఖానాలో అచ్చుల ఇసుక పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు గట్టిపడిపోయిన మనిషి. వీధి మలుపు దాకా నడిస్తే గోడ పట్టుకోవాలి. దహనం తర్వాత తల్లి గొంతు ఎముకని చిన్న పెట్టెలో పెట్టి, తనే స్వయంగా క్యోటోలోని మూలమఠానికి చేరుస్తానని ఆమె మంచం పక్కన మాటిచ్చాడు. ఏటేటా వచ్చే ఏడు అన్నాడు. ఏటేటా ఊపిరి ఇంకొంచెం తరిగింది. ఇక ఈ ఏప్రిల్ దాటితే లేదని భార్యాభర్తలిద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరూ పైకి అనుకోలేదు.

అందుకే కినుయో యాత్రని వేరే రకంగా కడుతోంది. ఏం చూడాలన్నది ఆమె లెక్కలో తర్వాతి మాట. ముందు ఎక్కడ కూర్చోవాలన్నది తేలాలి. ఇంట్లో దుప్పటి కప్పిన వేడిబల్ల మీద క్యోటో ఊరి పటం పరిచి ఉంటుంది. దాని మీద సోయా గింజలు. ఒక్కో గింజ ఇవావో కూర్చోగల ఒక్కో చోటు. నది గట్టు మెట్టు, టీకొట్టు ముందు బల్ల, గుడి వసారా. గింజకీ గింజకీ నడుమ దూరం ఎక్కువైతే అక్కడ మడత పీట వేయాలి. ఆ చోట్లన్నీ కమేదాని అడిగి అడిగి రాబట్టింది.

"మొదటిరోజు ఎక్కడికీ వద్దు. బస దగ్గరే నది ఒడ్డున కూర్చుంటాం," అంది ఆమె, బల్ల మీద వేలితో గీస్తూ. "రెండోరోజు పొద్దున్నే అత్తగారిని చేర్చేస్తాం. ఆ కళ్లజోడు లాంటి రాతివంతెన పక్కన కాసేపు కూర్చుని, వాలు మీద కుండల కొట్టు దాకా..."

"ఆగు ఆగు." కమేదా నమలడం ఆపాడు. "కళ్లజోడు వంతెనా?"

"అవును. తామరకొలను మీద ఉంటుందిగా."

"అక్కా, అది పడమటి మఠం వాళ్ల అస్థిమందిరం. మీ అత్తగారిది తూర్పు మఠం కదా?"

కినుయో వేలు బల్ల మీదే ఆగిపోయింది.

"అంటే," కమేదా మిగతావాళ్ల వైపు తిరిగాడు, "ఇంటి కోడలు అత్తగారిని మోసుకెళ్లి వియ్యాలవారింట్లో దింపేసి వస్తుందన్నమాట."

గది గొల్లుమంది. కినుయో కూడా నవ్వింది, కానీ మొహం చెవులదాకా ఎర్రబడింది. ఆమె పుట్టింటివాళ్లు పడమటి మఠం. చిన్నప్పుడు ఆమె తండ్రి, తాత ఎముకని అక్కడికే తీసుకెళ్లి వచ్చి, రాతివంతెన నీళ్లలో ప్రతిబింబంతో కలిసి కళ్లజోడులా కనిపించిందని మంట దగ్గర కూర్చుని చెప్పాడు. అప్పటినుంచి ఎముకని క్యోటోకి చేర్చడమంటే ఆమె మనసులో ఆ వంతెనే. తూర్పింటి కోడలై ఇన్నేళ్లయినా ఆ వంతెన చోటు మారలేదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ప్రార్థన పడమటి రాగంలో ఎత్తుకుంటే అత్తగారు గంట కొట్టే పుల్లతో మోకాలి మీద తట్టేది. రాగమైతే దిద్దుకుంది.

"తూర్పువాళ్లది ఎక్కడ మరి?" అని అడిగింది.

"ఉత్తరంగా పోవాలి. పార్కు పక్కన. పైన్ చెట్ల మధ్య దారి, వాలు తక్కువే." కమేదా గొంతు తగ్గించాడు. "పార్కు నిండా బల్లలు ఉంటాయి అక్కా. నీ గింజలు చాలవు."

మధ్యాహ్నం ఆమె ఇంకో రెండు బస్సులు కడిగింది. అద్దాలు తుడుస్తుంటే చేయి తన పని తాను చేసుకుపోయింది. ఏడాది పాటు పేర్చిన రెండోరోజు మొత్తం చెదిరిపోయింది. అంతకన్నా, ఈ సంగతి ఇంట్లో చెప్పాలి. ఇదే సందు అని ఇవావో యాత్ర మానేద్దామంటే? ఆమె బకెట్టు నీళ్లు పారబోసి, బస్సుకి తల వంచి, చేపల కొట్టు మీదుగా ఇల్లు చేరింది.

ఇంటి తలుపు తీస్తుండగా సముద్రం మీద ఉరిమింది. చలికాలపు మొదటి ఉరుము. ఆ ఉరుముతో లోతు నీళ్ల చేపలు గట్టుకి వస్తాయని ఆ తీరంలో అందరూ సంతోషిస్తారు. ఇవావో కిటికీ పక్కన గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. భుజాలు ఊపిరితో పాటు లేస్తున్నాయి. ఒకప్పుడు పెద్ద గంట అచ్చుని ఇద్దరితో కలిసి ఎత్తిన భుజాలు. ఇప్పుడు చొక్కా కింద హేంగరు పెట్టినట్టున్నాయి.

"ఉరిమింది," అన్నాడు.

"విన్నాను. ఏమండీ, ఒక పొరపాటు జరిగింది."

ఆమె చేపని గిన్నెలో పెట్టి, చేతులు తుడుచుకుని, బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పింది. వంతెన, కుండల కొట్టు, కమేదా వేసిన వియ్యాలవారి మాట, ఏదీ దాచలేదు. ఇవావో వింటూ పటం వైపు చూశాడు, తర్వాత గదిమూల పూజామందిరం వైపు చూశాడు. అందులో తాబేలు వీపు మీద నిలబడ్డ కొంగ ఆకారంలో కంచు దీపపు కుంది ఉంది. అతను పోతపోసిందే.

"మీ పుట్టింట్లో కొంగ ఉందా?"

"లేదు."

"పడమటి వాళ్లకి కొంగ ఉండదు. తూర్పు వాళ్లకే. రోజూ దాని ముక్కు తుడుస్తావు కదే నువ్వు."

"తుడుస్తాను. మీ చేతి పని అని తుడుస్తాను. తూర్పో పడమరో నాకేం తెలుసు?"

ఇవావో నవ్వాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత చప్పుడు బయటికొచ్చింది. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు మళ్లీ నవ్వులోకి. కళ్ల నీళ్లు కారాయి. ఆమె లేచి వీపు నిమిరింది. ఎంతకాలమైందో ఈ వీపు ఇలా కదిలి.

"అమ్మ ఊరుకుంటుందా," అన్నాడు ఊపిరి దొరికాక. "పడమటి రాగం మధ్య పడేసి వస్తే రోజూ కల్లోకొచ్చి పుల్లతో కొడుతుంది. నిన్నొక్కదాన్ని పంపేలా లేదు. నేనే రావాలి."

కినుయో మళ్లీ బల్ల దగ్గరికి జరిగింది. పటాన్ని తన వైపు తిప్పుకుని, తూర్పు వాళ్ల మందిరం వెతికి, డబ్బాలోంచి గింజలు తీసి పార్కు పొడుగునా పెట్టింది. తర్వాత పాత గింజల్ని అరచేత్తో తుడవబోయింది.

"అవి ఉండనీ," అన్నాడు ఇవావో.

"ఇంకెందుకు?"

"మూడోరోజు ఉందిగా. మీ తాత, ఆ తర్వాత మీ నాన్న కూడా అక్కడికే చేరారు. అంతదూరం వెళ్లి పలకరించకుండా వస్తే ఏం బాగుంటుంది?"

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. పూజామందిరం ముందుకి వెళ్లి దీపం వెలిగించి బుద్ధుడి పేరు తలుచుకుంది. ఆ ఇళ్లలో ఆ పేరు ఏదో అడగడానికి తలవరు. అందినదానికి తలుస్తారు. ఆ సాయంత్రం ఆమె మామూలు కంటే ఎక్కువసేపు కూర్చుంది. చేప కొంచెం మాడింది. ఇవావో ఆ మాడినదే ముందు తిన్నాడు.

ఆ తర్వాత వాన లేని సాయంత్రాల్లో వాళ్లిద్దరూ సముద్రపు గోడ దాకా నడిచేవాళ్లు. ఆమె మడత పీట చంకలో పెట్టుకుని ఒక అడుగు వెనక నడిచేది. అతను ఆగగానే పీట తెరుచుకునేది. గోడ దగ్గర చేపలు పట్టేవాళ్లు "క్యోటో ఇంకెంత దూరం?" అని పరాచికాలాడేవారు. "ఇప్పుడే బయలుదేరాం, సామాను చూస్తుండండి," అనేవాడు ఇవావో.

జనవరిలో మంచు బాగా పడిన ఒక ఉదయం, కమేదా తన బస్సు తాళాల కోసం షెడ్డుకి వచ్చాడు. బస్సు లోపల చివరి వరుసలో కినుయో కూర్చుని ఉంది. తడిగుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుని, తల అద్దానికి ఆనించి ఉంది. అలిసిపోయి కూర్చుందనుకున్నాడు. కెటిల్ పెట్టి, రెండు కప్పుల్లో టీ పోసి, ఒకటి ఆమె కోసం తీసుకెళ్లాడు. పిలిచినా ఆమె లేవలేదు.

ఏప్రిల్లో శుక్రవారం నాడు ఇవావో బస్సెక్కాడు. వాళ్లకి కేటాయించిన రెండు సీట్లలో కిటికీ పక్కది ఖాళీగా ఉంచి, దాని మీద గుడ్డలో చుట్టిన రెండు చిన్న పెట్టెలు పెట్టాడు. పీట ఒళ్లో పెట్టుకున్నాడు.

మొదటిరోజు నది ఒడ్డున కూర్చున్నాడు. రెండోరోజు పైన్ చెట్ల దారిలో, పార్కులో ప్రతి బల్ల దగ్గరా ఆగుతూ, తూర్పు మఠం వాళ్ల మందిరం చేరాడు. అక్కడి భిక్షువు రెండు పెట్టెల్నీ చూసి, రెండూ ఇక్కడేనా అని అడిగాడు.

"ఇది మా అమ్మ. ఇక్కడే," అన్నాడు ఇవావో. "మా ఆవిడని వాళ్ల నాన్న దగ్గరికి తీసుకెళ్తాను."

మూడోరోజు తామరకొలను పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. గాలి లేదు. రాతివంతెన నీళ్లలో తన నీడని కలుపుకుని, చెప్పినట్టే కళ్లజోడులా ఉంది. ఊపిరి సర్దుకునేదాకా ఆగి, పెట్టెని రెండు చేతులతో మోస్తూ వంతెన దాటాడు. అతని వెనక కొంతమంది ఆగారు. ఎవరూ ఏమీ అనలేదు. అతను పక్కకి జరిగి, వాళ్లకి తల వంచి, "మీ దయ," అని మళ్లీ నడిచాడు. పెట్టెని అప్పగించేటప్పుడు దానితో ఏదో చెప్పాడు. పక్కనున్నవాళ్లకి వినిపించినది ఒక్క మాటే. "బాగా చూసుకున్నావు."

ఆదివారం సాయంత్రం బస్సు ఊరు చేరింది. కమేదా మైకు తీసుకుని, "దిగేముందు అందరూ ఒకసారి వెనక్కి చూసుకోండి," అన్నాడు. అది కినుయో అలవాటు చేసిన మాట. ఇవావో తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. కిటికీ పక్క సీటు వైపు కాసేపు చూశాడు. బస్సుకి తల వంచి నమస్కరించి, రెయిలింగు పట్టుకుని మెల్లగా దిగి, మిఠాయి పొట్లం ఒకటి కమేదా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె చోటుకి ఇంకా ఎవరూ రాలేదు. కమేదాయే చీపురు తీసుకుని చివరి వరుసకి నడిచి, అక్కడి నుంచి మొదలుపెట్టాడు. మధ్యలో కిటికీ పక్క సీటు దగ్గర చీపురు ఆపాడు. అక్కడ మడత పీట ఉంది. దాన్ని ఆఫీసు అరలో పెట్టాలని చేయి చాచాడు కానీ, తీయలేదు. పాత నడికట్టు పట్టీ మడతలో సూదుల్లాంటి పైన్ ఆకులు రెండు చిక్కుకుని ఉన్నాయి, మొదలు దగ్గర ఇంకా విడిపోకుండా.